క్రీడాకారుల సన్మానము – శిక్షకుల ఋణము

మన దేశమున సన్మానములకుఁ గొఱత లేదు. పదవి వచ్చినవారికి సన్మానము, పదవి దిగినవారికి సన్మానము, ఇల్లు కట్టినవారికిని కొడుకునకుఁ బెండ్లి చేసినవారికిని సయితము సన్మానము. శాలువలు నేయువారికిని పూలదండలు గ్రుచ్చువారికిని పని దొరకుట మంచిదే. కాని యెవరి చెమట వలన నొక విద్యాలయమునకుఁ బేరు వచ్చినదో వారిని పిలిచి గౌరవించు నాచారము మనలోఁ దక్కువ. పరీక్షలలో మొదటి తరగతి గడించినవారి పేళ్లు పలకలపై వ్రాయింతుము. పెద్ద యుద్యోగములు సంపాదించినవారి ఛాయాపటములు గోడకుఁ దగిలింతుము. మైదానమున పరుగెత్తి, దుమికి, పడి, లేచి, కళాశాల పేరును పొరుగు జిల్లాలకు మోసికొనిపోయినవారి పేళ్లు మాత్రము వారితోడనే గడప దాఁటిపోవుచున్నవి.

ఎ.కొండూరు ప్రాంతపు వారమగు మాకు ఈ విషయమై యాలోచింపవలసిన యవసరము ఇటీవలఁ గలిగినది. మా సమీపమున నున్న యొక చిన్న కళాశాలలోఁ జదివిన కొందఱు యువకులు, తమ విద్యాలయమున నొకప్పుడు ఆటలలో మేటులనిపించుకొన్న పూర్వవిద్యార్థులను, వారికి శిక్షణ నిచ్చినవారిని ఏటేట సన్మానింపఁ దలఁచి, అందుకు నియమములు ఎట్లుండవలెనని మమ్ము అడిగిరి. వారి కోరిక మాకు సంతోషము గూర్చినది. అయినను ఆ సంకల్పము శాలువతో నారంభమై శాలువతోనే ముగియునేమో యను భయమును గలిగినది. కావున వారితోఁ జెప్పిన మాటలనే కొంచెము విపులముగా ఇచ్చట వ్రాయుచున్నాము.

విజయవాడ నుండి మైలవరము మీఁదుగా తిరువూరు పోవు బాట మీఁద మా మండలమున్నది. 2022 ఏప్రిలు వఱకు ఇది కృష్ణా జిల్లాలోనిది, అప్పటినుండి ఎన్.టి.ఆర్. జిల్లాలోనిది. మామిడి తోఁటలు, మెట్ట పొలములు, లంబాడీ తండాలు – ఇది మా సీమ స్వరూపము. ఇచ్చటి పిల్లలకు క్రీడ యనఁగా సాయంకాలము తండా నడుమ రెండు కఱ్ఱలు పాఁతి వల గట్టి యాడు వాలీబాలు, సంక్రాంతికి నేలపై గీఁత గీసి యాడు చెడుగుడు. పట్టణములందలి పచ్చిక మైదానములను, ఈఁత కొలనులను వీరు బొమ్మలలోఁ జూచినవారే. ఇట్టివారు చేరు చిన్న కళాశాలలో వ్యాయామ శిక్షకుఁడు ఒక్కఁడుండును. ఒక్కొక్కప్పుడు ఆ యొక్కఁడును ఉండఁడు. ఉన్నచో, సున్నముతో గీఁతలు గీయువాఁడు అతఁడే, బంతికి గాలి కొట్టువాఁడు అతఁడే, కాలు బెణికినవానికి కట్టు కట్టువాఁడు అతఁడే. పోటీ దినము వచ్చినప్పుడు పిల్లవాని తండ్రి కడకుఁ బోయి, “రెండు దినములు పొలము పనికిఁ బిలువకుము, నీ కొడుకును నేను క్షేమముగాఁ దీసికొని వత్తును” అని బ్రతిమాలువాఁడును అతఁడే.

మాకుఁ జిన్ననాఁట కసరత్తు నేర్పిన డ్రిల్లు మాస్టరు ఒకఁడుండెను. దూరమెగురు పందెమునకు అతని కడ టేపు లేదు. ముడులు వేసిన త్రాటితోఁ గొలిచెడివాఁడు. చేతి గడియారము ఒక్కొక్కప్పుడు నిలిచిపోయెడిది; అప్పుడు అంకెలు పైకి లెక్కించుచు పరుగు కాలమును నిర్ణయించెడివాఁడు. ఏ సంవత్సరమున నెవఁడు ఎంత దూరము ఎగిరెనో, ఏ పిల్ల యెన్ని యంకెలలో మైదానము చుట్టి వచ్చెనో, ఒక పొడుగాటి లెక్కల పుస్తకమున వ్రాసి యుంచెను. గెలిచినవారి పేళ్లేకాక కడపటివాని పేరును వ్రాసెడివాఁడు. ఎందులకని యడిగిన, “వీఁడు వచ్చే యేఁడు నాలుగవవాఁడైనచో నాకుఁ దెలియవలదా?” అనెడివాఁడు. అతఁడు పింఛను పుచ్చుకొన్న పిమ్మట బీరువా ఖాళీ చేయుచు, ఆ పుస్తకమును చిత్తుకాగితములతోఁ గలిపి తూకమునకు వేసిరి. అది యే పాఠశాలయో చెప్పుట వలనఁ బ్రయోజనము లేదు. పెక్కు పాఠశాలలలో నిట్లే జరుగుచున్నది. పరీక్ష మార్కుల పట్టికను తూకమునకు వేయ సాహసింపనివారు శరీరశ్రమ పట్టికను నిర్భయముగా వేయుదురు. మనము దేనిని విద్య యనుకొనుచున్నామో యీ యొక్క సంగతియే చెప్పుచున్నది.

యువకుల సంకల్పమునకు రెండు ఆక్షేపణములు వచ్చినవి. ఆటలాడినవారిని పిలిచి గౌరవించినచో నేఁటి పిల్లలు పుస్తకములు పాఱవేసి మైదానముల వెంటఁ బడుదురని కొందఱు పెద్దలనిరి. ఇంటర్మీడియేటు ఫలితములు వెలువడిన మఱునాఁడు పత్రికలలో మనము ఎట్టి దుర్వార్తలు చదువుచున్నామో ఆ పెద్దలు జ్ఞాపకము తెచ్చుకొందురు గాక. ఒక్క పరీక్షలోఁ దప్పినంత మాత్రమున ప్రాణము తీసికొన్న పిల్లలకు మనము ఎన్నో శాస్త్రములు నేర్పితిమి. ఓడిపోవుట యెట్లో మాత్రము నేర్పలేదు. నలుగురి యెదుట నోడి, గెలిచినవాని చేయి పట్టుకొని, మఱునాఁడు ఉదయమున మరల అదే మైదానమునకు వచ్చుట యను విద్యను ఏ పాఠ్యపుస్తకమును చెప్పఁజాలదు. దానిని ఆట చెప్పును. దానిని చెప్పించువాఁడు శిక్షకుఁడు.

రెండవ యాక్షేపణము మఱియొక విధమైనది. “చిన్న కళాశాల, ఇందుండి ఒలింపిక్ క్రీడలకుఁ బోయినవారెవ్వరును లేరే, ఎవరిని సన్మానింతురు?” అని. పెరటి చెట్టు మందునకు రాదను మన సామెతయే యీ మాటకు మూలము. చిన్న విద్యాలయములలోని అనామకులైన వ్యాయామోపాధ్యాయులు ప్రపంచమునకు ఏమి యిచ్చిరో తెలిసినచో ఈ మాట యనుటకు నోరు రాదు.

అమెరికా దేశమునందు చిన్న కళాశాలలు సయితము తమ పూర్వ క్రీడాకారులను, శిక్షకులను ఎన్నుకొని వారి పేళ్లను శాశ్వతముగా గోడలపై నిలుపు నాచారము గలదు. ఆ దేశమునందే మాసచూసెట్సు రాష్ట్రమున స్ప్రింగుఫీల్డు అను నూరిలో వై.ఎం.సి.ఎ. వారి శిక్షణాలయము ఒకటి యుండెను. 1891 డిసెంబరులో, చలికి బయట నాడలేని విద్యార్థుల కొఱకు అచ్చటి యుపాధ్యాయుఁడు జేమ్సు నైస్మిత్తు వ్యాయామశాల వసారాకు రెండు పండ్ల బుట్టలు తగిలించి, పదుమూఁడు నియమములు వ్రాసి, ఒక క్రొత్త యాటను కల్పించెను. అదియే బాస్కెట్టుబాలు. ఆ శిక్షణాలయమునందే చదివిన విలియం మోర్గను 1895లో సమీపమునందలి హోలియోకు పట్టణమున వాలీబాలును గల్పించెను. మా తండాలలో సాయంకాలము బాలురు ఆడు నాట అదియే.

నైస్మిత్తు తరువాత కాన్సాసు విశ్వవిద్యాలయమున బాస్కెట్టుబాలు జట్టునకు శిక్షకుఁడయ్యెను. అచ్చట అతని జట్టు 55 పందెములు గెలిచి 60 పందెము లోడినది. ఆటను కల్పించినవాఁడే ఆ యాటలో గెలుపుల కంటె ఓటములు ఎక్కువగాఁ గన్నాఁడు. అయినను ఆ విశ్వవిద్యాలయము గాని, ఆ యాట గాని అతనిని మఱవలేదు. స్ప్రింగుఫీల్డులో ఆ క్రీడకు సంబంధించిన మహనీయుల స్మారక మందిరమునకు అతని పేరే పెట్టిరి. శిక్షకుని విలువను పతకముల సంఖ్యతోఁ గొలువరాదనుటకు ఇంతకంటె నిదర్శనము వలయునా?

ఆ స్ప్రింగుఫీల్డులోఁ జదివిన హ్యారీ క్రో బక్కు అను నతఁడు మదరాసునకు వచ్చి 1920లో వై.ఎం.సి.ఎ. వ్యాయామ విద్యా కళాశాలను నెలకొల్పెను. నాఁడు మన కోస్తా జిల్లాలు మదరాసు రాజధానిలోనివి. అచ్చట శిక్షణ పొందినవారు మన యూళ్ల బడులలోఁ జేరి ఈలలూఁదిరి. అంతకు మునుపే మన శ్రీకాకుళ ప్రాంతమువాఁడు కోడి రామమూర్తినాయుఁడు, 1882లో వీరఘట్టమున జన్మించినవాఁడు, మదరాసులో వ్యాయామ శిక్షణ పొంది విజయనగరమున బడి పిల్లలకు కసరత్తు నేర్పెను. ఇనుప గొలుసులు తెంచుటయు, ఱొమ్ముపై నేనుఁగును నిలుపుటయు మనకు గుఱుతున్నవి. కలియుగ భీముఁడని కొనియాడుచున్నాము. అతఁడు మొదట బడి పిల్లల కసరత్తు మాస్టరను సంగతిని మాత్రము మఱచితిమి. సర్కసు డేరాలోఁ జూపిన బలమునకు చప్పట్లు కొట్టినవారము, బడి యావరణలోఁ బంచిపెట్టిన బలమునకు లెక్క వ్రాసికొనలేదు.

ప్రాచీన గ్రీసు దేశపు కవి పిండారు ఒలింపియాలో గెలిచిన యొక బాలమల్లుని కీర్తించుచు, ఆ గీతమునందే అతనికి మల్లవిద్య నేర్పిన మెలేసియాసు అను శిక్షకుని పేరెత్తి పొగడెను. రెండువేల నాలుగువందల యేండ్లకు పైగా గడచినను శిష్యుని పేరుతోఁ గూడ గురువు పేరు నిలిచియున్నది. మన దేశమున నట్లు జరుగలేదనుటకు హైదరాబాదు నివాసి సయ్యదు అబ్దుల్ రహీము కథయే సాక్ష్యము. అతఁడు పాఠశాలలలో నుపాధ్యాయుఁడుగాఁ బనిచేసినవాఁడు. 1950 నుండి భారత ఫుట్‌బాలు జట్టునకు శిక్షకుఁడై, 1951లో ఢిల్లీలోను 1962లో జకార్తాలోను ఆసియా క్రీడల స్వర్ణపతకములను గెలిపించెను. 1956 మెల్బోర్ను ఒలింపిక్ క్రీడలలో మన జట్టు నాలుగవ స్థానమునకు వచ్చినది అతని శిక్షణయందే. జకార్తాకుఁ బోవునాఁటికే అతని శరీరమును పుట్టకురుపు తినివేయుచుండెను. ఆ జట్టు దక్షిణ కొరియాను 2–1 గా నోడించి తిరిగివచ్చిన మఱుసటి యేఁడు, 1963 జూన్ 11న, అతఁడు కన్నుమూసెను.

క్రీడాకారులకు అర్జున పురస్కారమును ప్రభుత్వము 1961లో నేర్పఱిచినది. శిక్షకులకు ద్రోణాచార్య పురస్కారము 1985లోఁ గాని రాలేదు. శిష్యునకును గురువునకును నడుమ ఇరువదినాలుగేండ్ల యెడము! అంతకాలము శిష్యులు తమంత తామే మొలచిరని దేశము అనుకొన్నదా? రహీమునకు ఆ పురస్కారము అందుట కవకాశమే లేకపోయినది. అతని జీవితమును చలనచిత్రముగాఁ దీసి 2024లోఁ బ్రదర్శించిరి. అతఁడు గతించి అప్పటికి అఱువది యేండ్లు దాఁటినది. తెరపైఁ జూచి కన్నీరు కార్చితిమి. మంచిదే. కాని అతఁడు పాఠములు చెప్పిన బడుల గోడలపై అతని పేరు చూచి పెరిగిన పిల్లలు ఎందఱు?

ద్రోణాచార్యుని పేరెత్తితిమి గనుక మనసులోని మాట యొకటి చెప్పక తీఱదు. శిక్షకులకిచ్చు పురస్కారమునకు ఆ పేరు పెట్టుట మాకు సమ్మతము గాదు. రాజకుమారులకు విలువిద్య నేర్పి, అడవిబిడ్డ యగు నేకలవ్యుని చేరనీయక, తన ప్రమేయము లేకయే విద్య నేర్చిన యా బాలుని బొటనవ్రేలు దక్షిణగాఁ దీసికొన్న గురువు అతఁడు. తండాలు గల మా వంటి ప్రాంతమున ఆ కథను పిల్లలకుఁ జెప్పునప్పుడు గొంతు పట్టుకొనును. మన కళాశాల సన్మానింపవలసినది వ్రేలు తీసికొన్న గురువును గాదు, చేయి పట్టుకొన్న గురువును. ఎవరిని చేరఁదీసెనన్నదే శిక్షకుని మొదటి పరీక్ష. ఎవరిని గెలిపించెనన్నది రెండవది.

చేరఁదీసిన ఫలమెట్టిదో మన కన్నులారఁ జూచితిమి. నిజామాబాదు జిల్లా పాకాల గ్రామపు లంబాడీ బాలిక మాలావతు పూర్ణ, మాకుఁ బొరుగుననున్న ఖమ్మము జిల్లాకుఁ జెందిన దళిత బాలుఁడు సాధనపల్లి ఆనందకుమారు – వీరిద్దఱును ప్రభుత్వ సాంఘిక సంక్షేమ గురుకులములలోఁ జదువుకొన్నవారు. శేఖర్‌బాబు అను పర్వతారోహకుఁడు వీరికి భువనగిరి కొండమీఁద శిక్షణ నిచ్చెను. 2014 మే 25న వీరు ఎవరెస్టు శిఖరమెక్కిరి. నాఁటికి పూర్ణకు పదునాలుగేండ్లు ఇంకను నిండలేదు. వరంగల్లు ప్రాంతమున కల్లెడ యను పల్లెలో జీవంజి దీప్తి యను బాలిక బుద్ధిమాంద్యము కారణముగా ఊరివారి యెగతాళికి గుఱియైనది. గ్రామ పాఠశాలలోని వ్యాయామోపాధ్యాయుఁడు ఆమె పరుగును గనిపెట్టెను. తరువాత నాగపురి రమేశు శిక్షణ నిచ్చెను. ఆమె 2024 మే నెలలో జపానునందలి కోబేలో 400 మీటర్ల పరుగును 55.07 సెకండ్లలో ముగించి తన విభాగమున ప్రపంచ రికార్డుతో స్వర్ణము గెలిచినది. అదే సంవత్సరము సెప్టెంబరులో పారిస్ పారాలింపిక్ క్రీడలలోఁ గాంస్యము సాధించినది. నాఁడు ఊరు నవ్విన కాళ్లయందు ఆ యుపాధ్యాయుఁడు వేఱొకటి చూడకుండినచో, ఈ కథ యే జరుగదు.

స్త్రీల విషయమున మఱింత జాగ్రత్త వలయును. శ్రీకాకుళము జిల్లా ఆమదాలవలస దగ్గఱి ఊసవానిపేట బాలిక కరణం మల్లీశ్వరి, నీలంశెట్టి అప్పన్న కడ బరువులెత్తుట నేర్చుకొని, 2000 సెప్టెంబరు 19న సిడ్నీ ఒలింపిక్ క్రీడలలో 240 కిలోలెత్తి కాంస్యపతకము గెలిచెను. ఒలింపిక్ పతకము గెలిచిన మొదటి భారత స్త్రీ ఆమెయే. ఆమె వంటి భుజబలము గలవారు మన పల్లెలలో నింకను ఎందఱో యుందురు. వారిలోఁ బెక్కుమంది పదునెనిమిదవ యేఁట పెండ్లి పీఁటలెక్కి, ఇంటిపేరు మార్చుకొని, మైదానమునకు మఱి రాలేదు. చిన్న కళాశాల తన పాత పట్టికలు చూచి వ్రాసిన ఆహ్వానములు ఇట్టి స్త్రీలకుఁ జేరవు. పుట్టినింటి పేరుతోఁ బంపిన జాబు అత్తవారింటి గుమ్మము కనుఁగొనలేదు. కావున వారి కొఱకు ఊరూరఁ దిరిగి విచారింపవలయును. రెండేండ్లు మాత్రమే యాడి మానుకొన్నదని ఆమెను ద్రోసివేయరాదు. ఆమె మానుకొనలేదు, మాన్పించిరి. ఆమెను పిలిచి, ఆమె కూఁతురి యెదుట, “నీ తల్లి యీ మైదానమున నందఱికంటె దూరము బల్లెము విసరినది” అని చెప్పినచో ఆ కూఁతురు ఆట మానదు.

స్మరించుటయందును మనకొక దోషము గలదు. కృష్ణా జిల్లా గండిగుంట గ్రామస్థుఁడు దండమూడి రాజగోపాలరావు బరువులెత్తుటయందు 1948 లండన్ ఒలింపిక్ క్రీడలలో మన దేశము పక్షమునఁ బాల్గొనెను. విజయవాడలో నొక యిండోరు స్టేడియమునకు అతని పేరు పెట్టిరి. అది జిల్లా చేసిన మంచిపని. కాని, ఆ పేరు ఎవరిదని యడిగిన, తెలిసినవారు సయితము తఱచుగా 1963లో వచ్చిన నర్తనశాల చలనచిత్రములోని భీముఁడని చెప్పుదురు. వేషము నిలిచినది, వ్యాయామము మఱుఁగుపడినది. పేరు పెట్టుటతో ఋణము తీఱదు. ఆ పేరు క్రింద అతఁడు ఏమి చేసెనో, ఎవరి కడ నేర్చెనో నాలుగు పంక్తులు వ్రాయించినప్పుడే తీఱును.

ఇఁక నియమముల మాట. మా యువకులకు మేము చెప్పినవి ఇవి. మొదటిది: బ్రతికియున్నవారిని ముందు పిలువుఁడు. వృద్ధులైన శిక్షకులను మొట్టమొదటి సంవత్సరముననే గౌరవింపుఁడు. వారికి వచ్చే యేఁడు అను మాట మనమిచ్చునది గాదు. రెండవది: ఏ క్రీడాకారుని పేరు పలకపైఁ జెక్కినను, దాని ప్రక్కనే అతనికి నేర్పినవారి పేరును జెక్కింపుఁడు. తాలింఖానాలో దండీలు బస్కీలు తీయించిన యూరి పెద్దయైనను, జీతము పుచ్చుకొన్న కళాశాల యుద్యోగియైనను సమానమే. గీఁతలు గీసిన నౌకరును, తెల్లవాఱుజామున పాలు కాచిపెట్టిన వంటవానిని కూడ మఱవకుఁడు.

మూఁడవది: కులము చూచి గాని, విరాళము చూచి గాని ఎవరిని నెన్నుకొనకుఁడు. చందా నిచ్చినవారికి రసీదు నిండు. పలకపైఁ జోటు నీయకుఁడు. నాలుగవది: ఎన్నుకొనుటకు ముందు శిష్యులను, ముఖ్యముగా స్త్రీలను, రహస్యముగా విచారింపుఁడు. క్రీడారంగమున పెద్దలు తమపట్ల హద్దుమీఱిరని 2023లో మన దేశపు మల్లయోధురాండ్రు ఢిల్లీ వీథిలోఁ గూర్చుండి మొఱపెట్టుకొనవలసి వచ్చినది. ఎన్ని కప్పులు తెచ్చినను, బాలికలు వెఱచుచు చేరిన మైదానపు శిక్షకుఁడు సన్మానార్హుఁడు కాఁడు. గురువను పేరు తప్పును కప్పు శాలువ కాఁగూడదు.

అయిదవది: సభను గంటలోపల ముగింపుఁడు. అధ్యక్షుని యుపన్యాసము, ముఖ్యాతిథి యుపన్యాసము, వందన సమర్పణము అయిన పిమ్మట, సన్మానితునకు మాటాడ వేళ మిగులని సభలు మేము చాలఁ జూచితిమి. ఈ సభలో సన్మానితుఁడే మాటాడవలెను. అతఁడు మాటకారి కాకున్న, మైదానమునకుఁ దీసికొనిపోయి పిల్లలకు ఒక్క పట్టు, ఒక్క యడుగు చూపుమని యడుగుఁడు. ఆఱవది: శాలువ కగు సొమ్ముతో ఒక గట్టి పుస్తకము కొని, అందు ప్రతి సంవత్సరపు పోటీల కొలతలను, గెలిచినవారి పేళ్లను, ఓడినవారి పేళ్లను వ్రాయుఁడు. రెండు ప్రతులు వ్రాసి, ఒకటి గ్రంథాలయమున నుంచుఁడు. గ్రంథాలయమునకుఁ జేరిన దానిని తూకమునకు వేయుట కొంచెము కష్టము.

కడపటి నియమము అన్నింటికంటె ముఖ్యమైనది. పూర్వులకుఁ జేయు సన్మానము నేఁటి పిల్లల కొఱకు ఒక్క పనియైనను చేయించవలెను. మా మండలమునందలి తండాలలో మూత్రపిండముల వ్యాధి యనేకుల ప్రాణములు తీసినది. మంచినీటి కొఱకు కృష్ణాజలములను గొట్టముల ద్వారా తెచ్చు పనిని ప్రభుత్వము చేపట్టవలసి వచ్చినది. పరుగెత్తుమని పిల్లవానికిఁ జెప్పుటకు ముందు వానికి త్రాగుటకు మంచినీరు ఉన్నదా యని విచారించువాఁడే నిజమైన శిక్షకుఁడు. ప్రతి సంవత్సరము ఎన్నుకొన్నవారి పేర మైదానమున ఏదేని యొకటి నెలకొల్పుఁడు: ఒక యేఁడు మంచినీటి తొట్టి, ఒక యేఁడు వాలీబాలు వల, ఒక యేఁడు బాలికలు బట్టలు మార్చుకొనుటకు తలుపు గల గది. పది సంవత్సరములలో మైదానమే సన్మానపత్రమగును.

ఇంట గెలిచి రచ్చ గెలువుమని మనవారు చెప్పుదురు. చిన్న కళాశాల తన యింటివారిని తాను గుర్తింపనిచో, రచ్చలోనివారు గుర్తింతురని యెదురుచూచుట వృథా. ప్రభుత్వ పురస్కారములు వచ్చిననాఁడు వచ్చును. ఆ పురస్కారము లేవియు నెఱుఁగని యొక ముసలి శిక్షకుఁడు నేఁడు మన యే యూరి యరుఁగుపైననో కూర్చుండి, వీథిలో పరుగెత్తు పిల్లల యడుగులు తప్పుచున్నవని తనలోఁ దాననుకొనుచుండవచ్చును. యువకులారా, ఆయన యే యూరనున్నాఁడో ఈ వారమే విచారింపుఁడు. పత్రికలో మీ సభ వార్త కంటె ముందు ఆయనకు మీ జాబు చేరవలయును.